లేని వాకిలి

మొన్న నంది కొండ కింద ఒక రిసార్టులో మా చిన్నాయన మనవరాలి నామకరణం జరిగితే వెళ్లాను. అలాంటి చోట్లంటే నాకు మొదటి నుంచీ గిట్టదు. చుట్టుపక్కల పల్లెల సామాను పోగుచేసి గోడలకు తగిలించి, మళ్లీ మనకే చూపిస్తారు. బండి చక్రం ఒకటి, కవ్వం ఒకటి, రోట్లో నీళ్లు పోసి దాని మీద గులాబీ రేకులు. రోట్లో రేకులు చూస్తే మా అవ్వ ఏమనేదో తలుచుకుని నవ్వుకుంటూ తిరుగుతున్నాను. భోజనాలయ్యాక మా పిల్లవాడు చెయ్యి పట్టి పచ్చిక వైపు లాక్కుపోయాడు. అక్కడ ఒక వాకిలి నిలబడి ఉంది. మా వైపు తలుపును, దాని చుట్టూ ఉన్న ద్వారబంధాన్ని కలిపి వాకిలి అంటాం. ఈ వాకిలికి అటూ ఇటూ గోడ లేదు, వెనక ఇల్లు లేదు. ఫొటోలు దిగడానికి రాతి దిమ్మెల మీద ఎత్తుగా నిలిపి పెట్టారు. ఎంత పొడుగు మనిషైనా నిటారుగా దాటిపోవచ్చు. అందరూ అలాగే దాటుతున్నారు. నేను మాత్రం దాని దగ్గరికి రాగానే తల వంచి, నడుము వంచి, అవతలికి వెళ్లి లేచాను.

"ఏంమా, అట్ల వంగినావు? అంత ఎత్తుండాది కదా?" అని మా వాడు పకపకా నవ్వాడు.

వెనక్కి తిరిగి పైకి చూశాను. పై పట్టె పొడుగునా ఇత్తడి పూలు వరసగా ఉన్నాయి. నడిమధ్య పువ్వు ఉండాల్సిన చోట పువ్వు లేదు, ఇనుప మేకు తల ఒకటి తుప్పు పట్టి ఉంది. అది మా ఇంటి వాకిలి. నా కళ్లకంటే ముందు నా మెడకు తెలిసిపోయింది. పక్కన ఎవరో చల్లని పానకం తెచ్చి ఇస్తే పుచ్చుకుని, తాగకుండానే చాలాసేపు పట్టుకుని నిలబడ్డాను.

మా ఇల్లు చింతామణి పాత పేటలో ఉండేది. ఊరికి నడిబొడ్డు అది. ఊరు నాలుగు దిక్కులా పెరిగినా దేవుడి ఊరేగింపులు, ఓట్ల జీపులు, పెళ్లి బ్యాండ్లు, ఆఖరికి శవాలు కూడా మా వీధిలో నుంచే పోవాలి. ఎవరికి దారి చెప్పాలన్నా 'బొరుగులోళ్ల ఇల్లు దాటి' అని మొదలుపెట్టేవాళ్లు. బొరుగులోళ్లంటే మేమే. ఇంటి వెనక బొరుగులు, అంటే మరమరాలు, వేయించే బట్టీ, ముందర అంగడి. ఆ రెంటి మధ్య మా బతుకు. పొద్దున్నే నాయన బట్టీ రాజేస్తే కాగిన ఇసకలో వడ్లు పొంగే వాసన ముందు మా దుప్పట్లలోకి వచ్చేది. ఆ వాసనకే నాకు మెలకువ. ఇళ్లన్నీ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకున్నట్టు ఉండేవి. గోడ అవతల వాళ్లు దగ్గితే ఇవతల మా అవ్వ "మిరియాల కషాయం తాగమ్మా" అని కేకేసేది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, కోపం వస్తే రెండూ. మా తాత కన్నడ పేపరు గట్టిగా చదువుతూ, నచ్చని వార్త దగ్గర ఆగి తెలుగులో తిట్టి, మళ్లీ కన్నడంలోకి వెళ్లిపోయేవాడు.

ఆ ఇంటి ముందు గదిని పడసాల అనేవాళ్లం. పడసాలకు వీధి వైపు ఉన్నదే ఆ వాకిలి. అది చాలా పొట్టిది. తాత వాళ్ల నాయన కావాలనే పొట్టిగా పెట్టించాడట. తాత దాన్ని గొప్పగా చెప్పేవాడు. "తాశీల్దారైనా సరే, మనింట్లోకి రావల్లంటే తల వంచే రావల్ల" అని. తాశీల్దారు మా ఇంటికి ఎందుకు వస్తాడో మాకెవరికీ తెలియదు. వచ్చేదంతా మేమే కాబట్టి వంగేదీ మేమే. నడక వచ్చిన పిల్లకు మొదట నేర్పేది అక్కడ తల వంచడమే. చిన్నపిల్లలకు తగలదు కదా, అయినా పెద్దవాళ్లను చూసి వాళ్లూ వంగేవాళ్లు. మూటలు మోసుకొచ్చే నాయన, బిందెతో వచ్చే అమ్మ, నిద్రకళ్లతో వచ్చే నేను, అందరం చూడకుండానే వంగి లోపలికి పోయేవాళ్లం.

ఆ ఇంట్లో ఇంకొక కట్టుబాటు ఉండేది. బయటికి వెళ్లేటప్పుడు ఎవరూ 'పోతా' అనకూడదు, 'పొయ్యొస్తా' అనాలి. తెలుగువాళ్లందరి ఇళ్లలోనూ ఉండేదే, కానీ మా అవ్వ దానికి పెట్టే పట్టుదల వేరు. బడికి ఆలస్యమవుతోందని నేను "పోతాండా అవ్వా" అని గడప దాటితే, వీధి మలుపు దాకా వచ్చి చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చేది. కూర్చోబెట్టి, మంచినీళ్లు తాగించి, "ఇప్పుడు సరిగ్గా చెప్పు" అనేది. "పొయ్యొస్తా" అంటే గానీ వదిలేది కాదు. బడిలో ఆలస్యానికి బయట నిలబడేది నేను. ఆ బాధ ఆమెకేం తెలుసు అని లోపల గొణుక్కునేదాన్ని.

మా మేనత్త రత్నమ్మ ఆ ఇంట్లోనే ఉండేది. నాయనకు అక్క. తాత ఆమెను బయటికి పంపలేక, మండికల్ వైపు నుంచి చలపతి మామను ఇల్లరికం తెచ్చుకున్నాడు. మామ బాగా పొడుగు. పెళ్లయి మొదటిసారి లోపలికి వస్తూ ఆ పై పట్టెకు నుదురు కొట్టుకున్నాడట. ఆ దెబ్బకు నడుమ ఉన్న ఇత్తడి పువ్వు ఊడి కింద పడింది. పెళ్లికూతురు, చుట్టూ అంతమంది ఉండగా, గట్టిగా నవ్వేసింది. అవ్వ గిల్లినా ఆపుకోలేకపోయిందట. ఆ పువ్వు జనం కాళ్ల కింద ఎక్కడో పోయింది, తాత అక్కడ ఇనుప మేకు కొట్టించాడు. అప్పటి నుంచి మామ లోపలికి వచ్చినప్పుడల్లా ఎడమ చెయ్యి పైకెత్తి, అరచేతిని ఆ మేకు మీద ఆనించి, ఆ తర్వాతే వంగేవాడు. ఇంట్లో అందరూ వంగేవాళ్లే, చెయ్యి ఆనించేది మాత్రం ఆయన ఒక్కడే. ఆయన గురించి నాకున్న సొంత జ్ఞాపకం కూడా అదే. నన్ను చంకలో వేసుకుని వచ్చేటప్పుడు, పైకెత్తిన ఆ చేతి కింద ఆయన గడ్డం నా తలను నెమ్మదిగా కిందికి నొక్కేది. గడ్డం గుచ్చుకునేది. బెల్లం వాసన వచ్చేది.

నేను ఇంకా బడికి పోని రోజుల్లో మామ చింతపండు బేరం చూసి వస్తానని బాగేపల్లికి బయలుదేరాడు. అత్త గడపకు పసుపు రాస్తూ ఉంది, అందుకని ఆ రోజు శుక్రవారమని అవ్వ చెప్పేది. "పొయ్యొస్తా రత్నా" అన్నాడు. "పొయ్యిరా" అంది ఆమె. మామ తిరిగి రాలేదు. గుడిబండె బస్టాండులో చూశామన్నవాళ్లు కొందరు, బెంగళూరు బస్సు ఎక్కాడన్నవాళ్లు కొందరు. తాత, నాయన తిరగని ఊరు లేదు. మండికల్‌లో వాళ్ల అన్నదమ్ములకూ ఏమీ తెలియలేదు. ఇంట్లో గొడవేమైనా జరిగిందా అని నేను పెద్దయ్యాక అమ్మను అడిగాను. "ఏమీ లేదు, అదే కదా" అంది అమ్మ. ఇల్లరికం మనిషికి ప్రతి పూటా తల వంచడం ఎట్లా ఉంటుందో మా ఇంట్లో ఎవరూ ఆలోచించి ఉండరని నాకు ఇప్పుడనిపిస్తుంది.

సంవత్సరాలు గడిచాయి. తాత పోయాడు. అత్త నుదుట బొట్టు మాత్రం అలాగే ఉంది. పేట ఊరుకుంటుందా? పేరంటాలకు పిలవాలా వద్దా అని వాళ్లకొక సందేహం. పిలిచినవాళ్లు తాంబూలం ఇచ్చేటప్పుడు ఒక క్షణం ఆగేవాళ్లు, నేను పక్కన నిలబడి చూసేదాన్ని. ఎన్నేళ్లయినా మనిషి జాడ తెలియకపోతే దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించే ఆచారం ఉంది. అవ్వ ఏటా ఆ మాట ఎత్తేది.

"రత్నా, ఇంగెన్నాళ్లే? ఆ కార్యం చేసేస్తే ఆయప్పకూ ఒక దారి, నీకూ ఒక దారి."

"పొయ్యొస్తానన్న్యాడు మా. పోతా అని చెప్పి పోయింటే నువ్వు చెప్పినట్టే చేసుందును" అనేది అత్త, చేటలో పప్పులు చెరుగుతూ. ఆ మాటకు అంత బలం ఉందని ఇంటిల్లిపాదికీ నేర్పింది అవ్వే కదా.

కోలారు జిల్లాను చీల్చి చిక్కబళ్లాపురాన్ని వేరే జిల్లా చేస్తారని మాటలు నడుస్తున్న రోజుల్లో మా వీధి వెడల్పు చేయాలన్నారు. ఒక రోజు నేను బడి నుంచి వచ్చేసరికి పడసాల లోపలి గోడ మీద ఎర్ర రంగుతో గీత గీసి ఉంది. గీతకు ఇవతలిది మాది, అవతలిది రోడ్డుది. నోటీసు కన్నడంలో వచ్చింది, చదివింది నేను. 'రస్తె అగలీకరణ' అని ఉంది. అత్త అర్థం అడిగితే రోడ్డు వెడల్పు చేయడం అని చెప్పాను. ఆ ఏడే బడిలో ఒక పద్యం దగ్గర మా కన్నడ మేడం 'అగలికె' అంటే ఎడబాటు అని చెప్పి ఉంది. ఆ సంగతి కూడా చెప్పాను, నాకు తెలిసింది చూపించుకోవాలని. అత్త "రెండిటికీ ఒకటే మాట పెట్టినారా? అన్నీ తెలిసినోళ్లేలే" అని నవ్వింది.

నాయనతో మాత్రం నవ్వలేదు. వీధిలో అందరూ ఒప్పుకున్నారని, మనం ఒక్కరం అడ్డం నిలిస్తే బాగుండదని నాయన నచ్చజెప్పబోయాడు.

"రోడ్డుకు నేను అడ్డం రాలేదప్పా. ఆయప్ప వచ్చి చూస్తే వాకిలి యాడుంటాది? అది చెప్పు."

"వాకిలి యాడికీ పోదక్కా. తీసి నడిమింటికి పెట్టిస్తా. రొంత ఎనక్కి జరుగుతాది, అంతే."

"నాకు తెలుసు ఎనక్కి జరుగుతాదని. ఆయప్పకెవరు చెప్తారు?" అంది అత్త. నాయన అంగట్లోకి వెళ్లి తక్కెడ తుడుచుకుంటూ కూర్చున్నాడు.

వాకిలిని జాగ్రత్తగా ఊడదీసి గోనెసంచుల్లో చుట్టి పెట్టాక జేసీబీ వచ్చింది. పడసాల పడిపోవడానికి అవ్వ ముఖం కడుక్కుని వచ్చినంత సేపు కూడా పట్టలేదు. దుమ్ము తగ్గాక చూస్తే మా లోపలి గోడ వీధిలోకి వచ్చి ఉంది. ఆకుపచ్చ సున్నం, క్యాలెండరు మేకు, దీపం గూడు చుట్టూ మసి, మా ఎత్తులు కొలిచిన బొగ్గు గీతలు, అన్నీ దారిన పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. "ఇంటిని నడివీధిలో గుడ్డలిప్పి నిలబెట్టినట్టుండాది" అని అవ్వ దుప్పటి తెచ్చి ఆ గోడకు అడ్డం కట్టింది. నాకు ఏడుపు వచ్చింది. అమ్మ కూడా ఏడ్చింది. అత్త ఏడవలేదు. పడసాల ఉన్న చోట నిలబడి, పాత గడప ఎక్కడ ఉండిందో కాలితో వెతుక్కుంటూ ఉంది.

తర్వాత నడిమిల్లే ముందు గది అయింది. అందులో సగం అంగడి, పక్కన అదే పాత వాకిలి. పడసాల ఉన్న చోటు మీదుగా కాలిబాట వచ్చింది, దానికి ఆనుకుని రోడ్డు. అప్పుడు మొదలైంది మా విచిత్రం. వీధిలోంచి ఇంటికి వస్తూ, పాత వాకిలి ఉండిన చోటికి రాగానే, ఏమీ లేని కాలిబాట మీద మేమందరం వంగేవాళ్లం. వంగి, నాలుగడుగులు వేసి, నిజం వాకిలి దగ్గర మళ్లీ వంగేవాళ్లం. గాలికి ఒకసారి, కట్టెకు ఒకసారి. అమ్మ కూరగాయల సంచితో వంగేది, నాయన మూటతో వంగేవాడు. వంగకూడదని నేను గట్టిగా అనుకుని వచ్చేదాన్ని, అనుకుంటూనే వంగేదాన్ని. ఎదురుగా టీ అంగడి వాళ్లకు మంచి కాలక్షేపం. "బొరుగులోళ్లు గాలికి మొక్కుతాండారు చూడప్పా" అని ఒకరికొకరు చూపించుకునేవాళ్లు. నా స్నేహితురాళ్లు బడిలో నన్ను చూసి ఎక్కడపడితే అక్కడ వంగి నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని, ఇంటికొచ్చి ఉడుక్కునేదాన్ని.

నవ్వులాట కాని సంగతులూ ఉన్నాయి. దీపాల వేళ అవ్వ ప్రమిద పట్టుకుని వాకిలి దాటి కాలిబాట మీదికి వెళ్లేది, అంగడి పెట్టినప్పుడు పూడ్చేసిన దీపం గూడు కోసం. మధ్యలో ఆగి, చుట్టూ చూసి, చీర కొంగు దీపానికి అడ్డం పెట్టుకుని తిరిగి వచ్చేది. తాత పేపరు చదివే మూల ఉన్న చోట ఎవరైనా బండి ఆపి దాని మీద కూర్చుంటే, "లేయప్పా, ఆడ పెద్దాయన కూచుంటాడు" అని గద్దించేది. కుర్రవాళ్లు భయపడి లేచేవాళ్లు. వాన పడ్డప్పుడు మా పడసాల నేల వాసన, పేడతో అలికిన పాత వాసన, తారు రోడ్డు మీది నుంచి లోపలికి వచ్చేది. నాకొక్కదానికే వస్తోందేమోనని అమ్మను అడిగితే, అమ్మ నా నోటి మీద చెయ్యి పెట్టి, "నాకూ వస్తాది. అవ్వతో చెప్పొద్దు" అంది. లేని గదిలో మేము తిరుగుతున్నామో, లేని గదే మాలో తిరుగుతోందో తెలిసేది కాదు. కూలిన ఇంట్లో దయ్యాలుంటాయని అంటారు. మాకు మాత్రం ఆ గదే దయ్యమైంది.

అత్త వీటిలో దేనికీ బెదరలేదు. బట్టీ పని వదిలేసి అంగట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. ఆమె చూపు కొనుగోలుదార్ల మీద ఉండేది కాదు, వాళ్ల వెనక కాలిబాట మీద ఉండేది. బడి నుంచి వచ్చి నేనూ పక్కన కూర్చునేదాన్ని. ఒకనాడు నాకు చెప్పింది. "చూడు పాపా, ఇల్లు మారింది, రోడ్డు మారింది, నేనూ మారినా. మీ మామ గుర్తుపట్టలేకపోవచ్చు. నేనూ ఆయప్పను గుర్తుపట్టలేకపోవచ్చు. కానీ ఆడికొస్తే వంగుతాడు. చెయ్యి పైకెత్తుతాడు. అది తప్పదు." ఆ తర్వాత నాకు చదువు సాగేది కాదు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని నేనూ కాలిబాటే చూసేదాన్ని. ఒకసారి దిబ్బూరహళ్ళి నుంచి పట్టుగూళ్లు అమ్ముకోవడానికి వచ్చిన పాత రైతు ఒకాయన సరిగ్గా అక్కడ వంగాడు. తాతకు స్నేహితుడు, ఇంటికి అలవాటైన మనిషి. అత్త సగం లేచి నిలబడింది. ఆయన చేతులు కిందే ఉన్నాయని చూసి మళ్లీ కూర్చుంది. "కాదు" అంది, నాతో కాదు, తనతోనే.

ఆ మనిషి వచ్చింది మధ్యాహ్నం, ఎండ మండిపోతున్న వేళ. నాయన భోంచేసి లోపల నడుం వాల్చాడు, అవ్వ, అమ్మ వెనకవైపు ఉన్నారు. రోడ్డు అవతల చాలాసేపటి నుంచి ఒకాయన నిలబడి మా వరసలో ఇళ్లన్నీ చూస్తున్నాడు. పొడుగు మనిషి, కొంచెం గూని వచ్చింది, గడ్డం నెరిసింది. చేతిలో గుడ్డ సంచి, దాని మీద మాకు తెలియని ఏదో ఊరి బట్టల అంగడి పేరు. రోడ్డు దాటి కాలిబాట ఎక్కాడు. ఎక్కి, ఎడమ చెయ్యి పైకెత్తాడు. అరచేతిని గాలికి ఆనించి, తల వంచి, ఇవతలికి వచ్చి లేచాడు. తను చేసిన పని తనకు అప్పుడే తెలిసినట్టు ఒక్క క్షణం ఆగి, ఆ చేతి వంక చూసుకున్నాడు. నాయనను పిలవబోయాను. అత్త చెయ్యి నా మోకాలి మీద పడింది. గట్టిగా పట్టుకుంది.

ఆయన అంగడి ముందుకు వచ్చాడు. అత్త ముఖం కేసి చూడలేదు. బొరుగుల మూట కేసి చూస్తూ అడిగాడు.

"బెల్లం పాకం పట్టిన బొరుగుండలు ఉండాయామ్మా?"

"ఉండాయప్పా. ఎవురికి?"

ఆయన సంచి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "పిల్లోళ్లకు" అన్నాడు.

అత్త లేచింది. డబ్బాలోంచి ఉండలు తీసి పేపర్లో పెట్టింది. పొట్లం కట్టి, దారం చుట్టి, మళ్లీ విప్పి, కొసరు వేయడం మరిచిపోయినదానిలా ఇంకో గుప్పెడు వేసి మళ్లీ కట్టింది. "పిల్లోళ్లు గదా" అంది. పొట్లం అందుకునేటప్పుడు ఆయన ఒక్కసారి తలెత్తి ఆమె నుదుటి వైపు చూశాడు. బొట్టు ఉంది. ఆయన కళ్లు అక్కడే ఆగిపోయాయి. తర్వాత పక్కనున్న వాకిలి వైపు తిరిగి, పై పట్టె మీద ఆ ఇనుప మేకును చూశాడు. వెనక్కి తిరిగాడు.

"పొయ్యిరాప్పా" అంది అత్త. ఎవరు వచ్చి వెళ్లినా ఆమె అనే మాటే అది.

ఆయన నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరగలేదు. "లేదమ్మా. పోతా" అన్నాడు.

వెళ్లేటప్పుడు వంగలేదు. నిటారుగా కాలిబాట దిగి జనంలో కలిసిపోయాడు. లేచి పరుగెత్తి చొక్కా పట్టుకుని లాక్కురావాలన్నంత కోపం వచ్చింది నాకు. మోకాలి మీద అత్త చెయ్యి ఎప్పుడు తీసిందో తెలియదు, ఆ ఒత్తిడి మాత్రం అక్కడే ఉంది. "అత్తా, మామ" అన్నాను. "ఎండకు నీ మొగం వాడిపోయిండాది. పో, మజ్జిగ తాగు" అంది. నేను మజ్జిగ తాగి వచ్చేసరికి ఉండల డబ్బా మూత సరిగ్గా పెట్టి, చుట్టూ చిందిన బెల్లం పొడి తడిగుడ్డతో తుడుస్తూ ఉంది.

ఆ సాయంత్రం అవ్వ గూడు కోసం దీపం పట్టుకుని బయలుదేరితే అత్త ఎదురెళ్లి ప్రమిద తీసుకుంది. "మా, ఆ దర్భబొమ్మ కార్యం చేయించు" అంది. అవ్వ నిర్ఘాంతపోయింది. ఇన్నేళ్లుగా తను బతిమాలిందే. "ఇంత దిడీరని, ఉన్నట్టుండి ఏమైందే? కలేమన్నా వచ్చిందా?" అని అడిగింది.

"పోతానన్న్యాడు" అంది అత్త.

కలలో వచ్చి చెప్పాడని ఇంట్లో అందరూ అనుకున్నారు. అత్త కాదనలేదు, నేనూ నోరు విప్పలేదు. కర్మ జరిగింది. ఎక్కడో పిల్లలకు బొరుగుండలు తీసుకుపోయిన మనిషికి నాయన నీళ్లు వదిలాడు. కాకి వచ్చి ముట్టింది, అందరూ హమ్మయ్య అనుకున్నారు. అత్త నుదురు ఖాళీ అయింది. అంతకు ముందు ఆ బొట్టును చూసి గుసగుసలాడిన పేటే ఇప్పుడు అయ్యో పాపం అని వచ్చి పరామర్శించింది. వాళ్లలో ఒక్కరికి కూడా మజ్జిగ ఇవ్వనన్నాను, అమ్మ తిట్టింది. కొన్నాళ్లకు అత్తే నాయనతో, "ఆ వాకిలి తీసేయప్పా, షట్టరు పెట్టుకో. అంగడికి అనుకూలం" అని చెప్పింది. దాని కోసం అంత పట్టుబట్టిన మనిషి ఇంత తేలిగ్గా అనేసరికి నాయన రెండుసార్లు అడిగి ఖాయం చేసుకున్నాడు. బెంగళూరు నుంచి పాత కట్టె సామాను కొనేవాళ్లు వచ్చి టెంపోలో వేసుకుపోయారు. అవ్వ గడపకు ఆఖరిసారి పసుపు రాసింది. తడి ఆరకముందే ఎత్తేశారు.

ఇప్పుడు పేటలో మా ఇంటి చోట ఫోన్ల కవర్లు అమ్ముతారు. కాలిబాటకు రంగు పలకలు వేశారు, రోడ్డు మధ్య గోడ కట్టారు. ఊరి నడిబొడ్డు అక్కడి నుంచి లేచి బైపాసు దగ్గరికి పోయింది. అవ్వ లేదు. నాయన, అమ్మ, అత్త కొత్త లేఔట్‌లో ఉంటారు. పెద్ద గేటు, ఎత్తైన టేకు తలుపు. దాని కింద ఎవరూ వంగరు, మా వాడికి వంగడమంటే ఏమిటో తెలియదు. మెడలు నిటారుగా పెట్టుకుని తిరిగే ఇల్లు మంచిదే, కాదనను. అయినా పేటకు వెళ్లినప్పుడల్లా ఆ రంగు పలకల మీద ఒక చోట నా మెడ దానంతటదే వంగుతుంది. నా వెనక ఎవరో చెయ్యి పైకెత్తారనిపిస్తుంది. వెనక్కి తిరిగి చూడకూడదని అనుకుంటాను, తిరిగి చూస్తాను.

రిసార్టు నుంచి మా వాడితో నేరుగా చింతామణికి వెళ్లాను. అత్త మంచం మీద కూర్చుని వేరుశనగకాయలు వొలుస్తూ ఉంది. చూపు తగ్గింది, మనిషి బాగా చిన్నదైపోయింది. ఆ మధ్యాహ్నం గురించి మేమిద్దరం ఇన్నేళ్లలో ఒక్కసారీ మాట్లాడుకోలేదు. ఆ వాకిలిని ఫోన్లో తీసిన ఫొటో చూపించాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. పెద్దది చేసి చూపించమంటే చేశాను. ఇత్తడి పూల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే దాటుకుంటూ వచ్చి, మేకు దగ్గర ఆపింది.

"ఎవురి ఇంటికి పెట్టినారు పాపా?"

"ఇల్లు లేదత్తా. ఊరికే నిలబెట్టినారు. రాళ్ల మీద, బాగా ఎత్తుగా. ఎవురూ వంగే పని లేదు."

అత్త ఫోను నా చేతికి ఇచ్చేసి, ఒళ్లోని చేట సర్దుకుంది. ఒక కాయ వొలిచి గింజలు మా వాడి చేతిలో పెట్టింది.

"అంత ఎత్తున పెట్టినారా" అంది. "అట్లయితే ఆయప్పకు తగల్దులే."